పిల్లోలో పసుపు నుంచి నీలానికి గ్రేడియంట్ వేస్తే మధ్యలో మురికి రంగు వస్తోంది, పైగా చాలా స్లో. ఎలా సరిచేయాలి?

మంగళగిరి_నేత:

అందరికీ నమస్కారం. మా అక్క చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. వారానికి 30, 40 ఫొటోలకు స్టేటస్ సైజులో పోస్టర్లు కావాలి, ఒక్కోటి చేత్తో చేసుకుంటూ కూర్చుంటే రాత్రి పన్నెండు దాటుతోంది. అందుకని పైథాన్‌లో పిల్లో లైబ్రరీతో ఒక స్క్రిప్ట్ రాస్తున్నాను. ఫొటో కత్తిరించడం, ధర వేయడం అయిపోయాయి, బ్యాక్‌గ్రౌండ్ దగ్గర వారం నుంచి ఇరుక్కుపోయాను.

అక్క అడిగింది నెమలికంఠం షేడ్. పైన పసుపు, కిందకి వచ్చేసరికి నీలం, మధ్యలో ఆ ఆకుపచ్చ మెరుపు ఉండాలి. నేను తీసుకున్న రంగులు పసుపు (255, 200, 0), నీలం (0, 60, 200). సైజు 1080 అడ్డం, 1920 నిలువు. రెండు లూపులు ఒకదాంట్లో ఒకటి పెట్టి, ప్రతి పిక్సెల్‌కీ రెండు రంగుల మధ్య ఎంత శాతమో లెక్కవేసి పుట్‌పిక్సెల్‌తో పెడుతున్నా.

మొదటి సమస్య, నా పాత ల్యాప్‌టాప్‌లో ఒక్కో పోస్టర్‌కి చాలాసేపు పడుతోంది. రెండోది అసలు బాధ: మధ్యలో ఆకుపచ్చ రావట్లేదు, పాత గోనెసంచి రంగు వస్తోంది. పసుపు, నీలం కలిపితే ఆకుపచ్చ అని చిన్నప్పుడు వాటర్ కలర్స్‌తో చేసిందే కదా, కంప్యూటర్‌లో ఎందుకు రాదు? మూడోది, ముదురు రంగులు వాడినప్పుడు అడ్డంగా చారలు కనపడుతున్నాయి, ఫోన్‌లో పంపాక ఇంకా ఎక్కువ. నంపై (పైథాన్‌లో అంకెల పట్టికలతో లెక్కలు చేసే లైబ్రరీ) కొంచెం వచ్చు, అంతగా అలవాటు లేదు.

పిక్సెల్_మాస్టారు:

స్లో సంగతి ముందు తేల్చేద్దాం, అది తేలిక. నీ పోస్టర్‌లో 20,73,600 పిక్సెళ్ళు ఉన్నాయి. ఒక్కోదానికి పైథాన్ లెక్కవేసి, ఒక టపుల్ (మూడు అంకెల కట్ట) చేసి, పుట్‌పిక్సెల్‌ని ఒకసారి పిలుస్తోంది. పైనుంచి కిందకి పోయే గ్రేడియంట్‌లో ఒక వరుసలోని 1080 పిక్సెళ్ళదీ ఒకటే రంగు, అంటే ఒకే లెక్కని 1080 సార్లు వేయిస్తున్నావు.

నేను చెప్పేది కోడ్ కన్నా ముందు పనిని విడదీయమని. గ్రేడియంట్‌లో రెండు ప్రశ్నలు ఉంటాయి, చాలామంది రెండిటినీ ఒకే లూపులో కలిపేస్తారు. ఈ పిక్సెల్ దారిలో ఎంత దూరం వచ్చింది అన్నది ఒకటి. అంత దూరానికి ఏ రంగు అన్నది రెండోది. మొదటిదానికి జవాబు 0 నుంచి 1 మధ్య ఒక్క అంకె, దాన్ని అందరూ టీ అంటారు. రంగులతో దానికి సంబంధం లేదు. ఇలా విడదీశాక నిలువు, వాలు, గుండ్రం అన్నీ టీ లెక్కలో మాత్రమే మారతాయి, రంగు భాగం ఒక్కసారి రాస్తే చాలు.

నిలువుకి టీ అంటే నంపైలోని లిన్‌స్పేస్‌తో 0 నుంచి 1 వరకు 1920 అంకెలు, అంతే. వాలుగా కావాలంటే మొదలు బిందువు, చివరి బిందువు తీసుకో. చివరిదానిలోంచి మొదటిదాన్ని తీసేస్తే దిశ వస్తుంది. పిక్సెల్ స్థానంలోంచి కూడా మొదలు బిందువును తీసెయ్. ఎక్స్‌ని దిశ ఎక్స్‌తో, వైని దిశ వైతో గుణించి కూడి, ఆ మొత్తాన్ని దిశ పొడవు వర్గంతో భాగించు. 0 కన్నా తగ్గితే 0, 1 దాటితే 1 చెయ్. గుండ్రానికైతే కేంద్రం నుంచి దూరాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే సరి. నంపైలో వై విలువల్ని నిలువు పట్టీగా, ఎక్స్ విలువల్ని అడ్డ పట్టీగా పెడితే అవే పరుచుకుని మొత్తం బొమ్మ సైజుకి వస్తాయి, లూప్ అక్కర్లేదు.

తర్వాత టీ పట్టికకి ఎరుపు, ఆకుపచ్చ, నీలాల కోసం మూడో కొలత ఒకటి కలిపి, మొదటి రంగు ప్లస్ టీ ఇంటూ రెండు రంగుల తేడా. చివర్లో ఫ్రమ్‌అరేతో ఆ అంకెల్ని పిల్లో బొమ్మగా మార్చు.

ఇక్కడ కొత్తవాళ్ళు తప్పకుండా పడే గుంటలు ఉన్నాయి, నేనూ అన్నిట్లో పడ్డాను. పిల్లోలో సైజు అంటే అడ్డం ముందు, నిలువు తర్వాత. నంపైలో నిలువు ముందు. తిరగేస్తే బొమ్మ అడ్డంగా పడుకుంటుంది. ఇంకోటి, రంగుల్ని యూఇంట్8గా (0 నుంచి 255 వరకే పట్టే పూర్ణాంకాలుగా) పెట్టుకుని తీసివేత చేయకు. 0లోంచి 255 తీస్తే అందులో మైనస్ 255 రాదు, చుట్టూ తిరిగి 1 వస్తుంది, బొమ్మంతా పిచ్చి రంగులవుతాయి. లెక్కంతా ఫ్లోట్‌లో (దశాంశాల్లో) చేసి చివర్లో మాత్రమే యూఇంట్8కి మార్చు, మార్చేముందు 0 నుంచి 255 మధ్య క్లిప్ చెయ్. ఫ్లోట్64లో ఈ సైజు బొమ్మ దాదాపు 50 ఎంబీ మెమరీ తింటుంది, ఫ్లోట్32లో సగం. పాత ల్యాప్‌టాప్ అన్నావు కాబట్టి ఫ్లోట్32 వాడుకో.

అసలు నంపై వద్దనుకుంటే పిల్లోలోనే లీనియర్_గ్రేడియంట్ అని ఒకటుంది, 256 ఇంటూ 256 సైజులో నలుపు నుంచి తెలుపుకి ఇస్తుంది. దాన్ని రీసైజ్ చేసి, ఇమేజ్‌ఆప్స్‌లోని కలరైజ్‌కి ఇస్తే నలుపు చోట ఒక రంగు, తెలుపు చోట ఒక రంగు, కావాలంటే మధ్యలో ఇంకో రంగు వేస్తుంది. చిన్న పనులకి బాగుంటుంది. కాకపోతే అందులో టీకి 256 మెట్లే ఉంటాయి, నీ చారల సమస్యకి అది సాయపడదు.

విశాఖ_దేవ్:

మధ్యలో మురికి రంగు రావడానికి కారణం గామా బ్రో. ఫైల్‌లో ఉండే 0 నుంచి 255 అంకెలు నేరుగా వెలుతురు కొలతలు కాదు. 128 అంటే సగం వెలుతురు అనుకుంటాం, నిజానికి ఎస్‌ఆర్‌జీబీలో (మామూలు స్క్రీన్లు, ఫొటోలు వాడే రంగుల పద్ధతిలో) అది 22 శాతం దగ్గర. సగం వెలుతురుకి అంకె 188. అందుకే ఎరుపు నుంచి ఆకుపచ్చకి నేరుగా కలిపితే మధ్యలో (128, 128, 0) అనే బురద రంగు వస్తుంది, వెలుతురులోకి మార్చి కలిపితే (188, 188, 0), శుభ్రమైన పసుపు.

మార్చే పద్ధతి: అంకెని 255తో భాగించు. 0.04045 లేదా అంతకన్నా తక్కువైతే 12.92తో భాగించు. ఎక్కువైతే 0.055 కూడి, 1.055తో భాగించి, 2.4 ఘాతం చెయ్. వెలుతురు వస్తుంది. అందులో కలిపి, మళ్ళీ వెనక్కి మార్చు. మాస్టారు చెప్పినట్టు రంగు భాగం విడిగా ఉంటే ఇది నాలుగు లైన్ల మార్పు.

రంగుల_డబ్బా:

విశాఖ_దేవ్ గారు చెప్పిన సూత్రం కరెక్టే, ఎరుపు ఆకుపచ్చ ఉదాహరణా కరెక్టే. కానీ ఈ ప్రశ్నలో ఉన్న రెండు రంగులకి అది పనిచేయదు, దయచేసి అంకెలు వేసి చూడండి. నేరుగా కలిపితే మధ్యలో (128, 130, 100), అదే మంగళగిరి_నేత గారు చెప్పిన గోనెసంచి. వెలుతురులో కలిపితే ఎరుపు 188, ఆకుపచ్చ 151, నీలం 146 వస్తాయి. అంటే వెలిసిపోయిన గులాబీ. నెమలికంఠం అడిగిన అక్కకి గులాబీ చూపిస్తే ఊరుకుంటుందా? గామా సరిచేయడం వల్ల వెలుగు సరవుతుంది, రంగు మాత్రం మనం కోరిన దారిలోకి రాదు.

కారణం చెప్తాను. పసుపు, నీలం ఒకదానికొకటి ఎదురు రంగులు. రంగుల చక్రాన్ని ఊహించుకోండి, అంచు మీద నిండు రంగులు, నడిబొడ్డున బూడిద. ఎదురెదురుగా ఉన్న రెండు బిందువుల మధ్య తిన్నటి గీత గీస్తే అది నడిబొడ్డు మీదుగానే పోతుంది. స్వచ్ఛమైన నీలం (0, 0, 255), స్వచ్ఛమైన పసుపు (255, 255, 0) తీసుకుంటే ఇంకా స్పష్టం, సగంలో మూడు అంకెలూ సమానమై అచ్చమైన బూడిద వస్తుంది. వెలుతురులో కలిపినా బూడిదే, కాస్త తెల్లటి బూడిద.

వాటర్ కలర్స్‌లో ఆకుపచ్చ ఎందుకు వస్తుందని అడిగారు. మంచి ప్రశ్న, దీన్ని చాలామంది వదిలేస్తారు. రంగు పొడి వెలుతురుని మింగుతుంది. పసుపు పొడి నీలి కాంతిని మింగేస్తుంది, నీలం పొడి ఎర్ర కాంతిని మింగేస్తుంది, ఇద్దరూ వదిలేసింది ఆకుపచ్చ, అదే కంటికి వస్తుంది. స్క్రీన్‌లో మింగడం లేదు, వెలుతురుకి వెలుతురు చేరడమే. చీరలో నెమలికంఠం ఇంకో రకం, అక్కడ పడుగు ఒక రంగు, పేక ఒక రంగు, చూసే కోణం మారితే ఏదో ఒకటి పైకి వస్తుంది. ఈ మూడూ మూడు వేర్వేరు పనులు, ఒకదాని లెక్క ఇంకోదానికి వర్తించదు.

కాబట్టి మనం గీతని నడిబొడ్డు మీదుగా కాకుండా చక్రం అంచు వెంట నడిపించాలి. రెండు దారులున్నాయి.

తేలికైనది: మధ్యలో మీరే ఒక రంగు పెట్టండి, నెమలి పచ్చ, ఉదాహరణకి (0, 150, 130). పసుపు, పచ్చ, నీలం మూడు స్టాప్‌లు (దారిలో రంగు ఖాయం చేసిన చోట్లు). నంపైలో ఇంటర్ప్ అనే ఫంక్షన్ ఉంది, దానికి టీ, స్టాప్‌ల స్థానాలు, ఆ స్థానాల్లోని విలువలు ఇస్తే చాలు, ఒక్కో ఛానెల్‌కి (రంగులోని మూడు అంకెల్లో ఒక్కోదానికి) ఒకసారి చొప్పున మూడుసార్లు పిలవండి. కలపడం మాత్రం ఓకేల్యాబ్‌లో చేయండి. అది బ్యోర్న్ ఒట్టోసన్ 2020 డిసెంబర్‌లో విడుదల చేసిన రంగుల పద్ధతి. ఒక మెట్టు దూరం కంటికీ దాదాపు ఒక మెట్టులాగే కనపడేలా కట్టాడు. రెండు మాట్రిక్సులు, వాటి మధ్య ఒక ఘనమూలం, అంతకుమించి లేదు. ఇప్పుడు వెబ్ బ్రౌజర్ల సీఎస్‌ఎస్‌లో కూడా దాన్ని పెట్టారు. అంతకుముందున్న సీల్యాబ్‌లో నీలం నుంచి తెలుపుకి వెళ్తే దారిలో వంకాయ రంగు తొంగిచూసేది, ఓకేల్యాబ్‌లో ఆ బాధ లేదు.

రెండో దారి, ఓకేల్యాబ్‌ని కోణం, నిండుదనంగా మార్చుకుని కోణాన్నే తిప్పడం. అందంగా వస్తుంది, కానీ జాగ్రత్త. మీ రెండు రంగులు దాదాపు ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి, పసుపు కొంచెం మారితే చాలు దగ్గరి దారి అటు తిరిగిపోయి పచ్చ బదులు ఎరుపు, ఊదా మీదుగా పోతుంది. ఎటు తిరగాలో కోడ్‌కి వదలకుండా మీరే చెప్పాలి. పైగా మధ్యలో స్క్రీన్ చూపించలేని రంగులు వస్తాయి, ఎరుపు మైనస్‌లోకి పోతుంది, దాన్ని 0 దగ్గర నరికేస్తే రంగు కొద్దిగా పక్కకి జరుగుతుంది. రోజూ వాడే పోస్టర్లకి నేనైతే మూడు స్టాప్‌ల పద్ధతే వాడతాను.

విశాఖ_దేవ్:

అంకెలు వేసి చూశాను, మీరు చెప్పింది నిజం, నేను రంగులు చూడకుండా చెప్పేశాను. బ్లర్ చేయడం, బొమ్మని చిన్నది చేయడం, ఒక బొమ్మ మీద ఇంకోటి కలపడం లాంటి వాటికి వెలుతురులో లెక్క సరైనది. గ్రేడియంట్‌లో కంటికి ఏది బాగుంటుందో అది చూసుకోవాలి.

మంగళగిరి_నేత:

మాస్టారూ, రంగుల_డబ్బా గారూ, చేతులెత్తి దండం పెడుతున్నా. లూపులు తీసేశాక పోస్టర్ ఎంటర్ నొక్కగానే వచ్చేస్తోంది. మూడు స్టాప్‌లు ఓకేల్యాబ్‌లో పెట్టా, అక్క చూసి ఇదే ఇదే అంది. మొదటిసారి నిలువు, అడ్డం తిరగేశాను, మాస్టారు ముందే చెప్పారు కాబట్టి వెంటనే దొరికింది.

చారలు మాత్రం ఇంకా ఉన్నాయి. రాత్రి ఆకాశం లాంటి ముదురు నీలం బ్యాక్‌గ్రౌండ్ ఒకటి ఉంది, పైన (20, 24, 60), కింద (40, 44, 100). మెట్లు మెట్లుగా కనిపిస్తోంది.

ఫ్లెక్స్_వరంగల్:

నేను ప్రింటింగ్ పనిలో ఉన్నా, ఈ చారలతో రోజూ కుస్తీ. లెక్క చూడు తమ్ముడూ. నీలం 60 నుంచి 100కి పోతోంది, 40 మెట్లు. ఎత్తు 1920. అంటే ఒక్కో మెట్టు 48 పిక్సెళ్ళ వెడల్పు పట్టీ. ఎరుపుకి 20 మెట్లే, 96 పిక్సెళ్ళ పట్టీలు. 8 బిట్ల ఫైల్‌లో 60కి 61కి మధ్య ఏమీ లేదు, నువ్వు ఫ్లోట్‌లో ఎంత సన్నగా లెక్కవేసినా చివర్లో పూర్ణాంకం చేసేటప్పుడు అన్నీ ఒకే అంకెలో కూలబడతాయి. ముదురు రంగుల్లో ఈ తేడా కంటికి బాగా దొరుకుతుంది. ఇదే ఫైల్‌ని పదడుగుల ఫ్లెక్స్ మీద వేస్తే ఒక్కో పట్టీ బెత్తెడు వెడల్పు అవుతుంది, అప్పుడు కస్టమర్‌తో మాట పడాల్సింది మేము.

మందు డిథరింగ్. పూర్ణాంకం చేసే ముందు ప్రతి విలువకీ 0 నుంచి 1 మధ్య ఒక ర్యాండమ్ అంకె కలుపు, తర్వాత ఫ్లోర్ చెయ్. విలువ 60.3 అయితే పదింట మూడుసార్లు 61, ఏడుసార్లు 60 వస్తుంది. దూరం నుంచి చూసే కంటికి సగటున 60.3 కనిపిస్తుంది, పట్టీ అంచు చెదిరిపోతుంది. కలిపాక 255 దాటకుండా క్లిప్ చేయడం మర్చిపోకు, దాటితే తెల్లటి చోట నల్ల చుక్కలు పడతాయి. ర్యాండమ్‌కి సీడ్ (మొదలు అంకె) ఒకటి ఫిక్స్ చేసి పెట్టుకుంటే అదే పోస్టర్ మళ్ళీ తీసినా తేడా రాదు.

దీనికి ఖరీదు ఉంది. నున్నటి గ్రేడియంట్ పీఎన్‌జీలో చాలా చిన్న ఫైల్ అవుతుంది, చుక్కలు కలిపాక అది బాగా లావెక్కుతుంది. జేపెగ్‌లో పెడితే తక్కువ క్వాలిటీ ఆ చుక్కల్నే ముందు తుడిచేస్తుంది, చారలు తిరిగొస్తాయి. పిల్లో ఏమీ చెప్పకపోతే జేపెగ్ క్వాలిటీ 75 వేసుకుంటుంది. నువ్వు క్వాలిటీ 95, సబ్‌శాంప్లింగ్ 0 (రంగు వివరాలు తగ్గించకుండా) అని ఇవ్వు. మెసేజింగ్ యాప్‌లో ఫొటోలా పంపితే అది మళ్ళీ కుదిస్తుంది, డాక్యుమెంట్‌లా పంపితే ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది. స్టేటస్‌లో పెట్టేవాటికి ఆ దారి లేదు కాబట్టి రెండు రంగుల మధ్య తేడా కాస్త పెంచు, లేదా వెనక సన్నటి నేత గీతల టెక్స్చర్ ఒకటి వేసెయ్. చీరల పోస్టర్‌కి అది నప్పుతుంది కూడా.

మంగళగిరి_నేత:

అన్నా, డిథరింగ్ పెట్టాక చారలు పోయాయి. ఫోన్‌లో కూడా చాలా తగ్గాయి.

ఇంకో రెండు అడుగుతా, టాపిక్ వేరనుకోవద్దు. "ఉగాది శుభాకాంక్షలు" అనే అక్షరాల లోపల బంగారు గ్రేడియంట్ నింపాలి. డ్రా టెక్స్ట్‌లో ఫిల్‌కి ఒకటే రంగు తీసుకుంటోంది. అలాగే ఫొటో అడుగున నీలం నుంచి ట్రాన్స్‌పరెంట్‌కి పోయేలా వేస్తే మధ్యలో నల్లటి పొగలా వస్తోంది.

పిక్సెల్_మాస్టారు:

పొగ సంగతి: నువ్వు నీలం (0, 60, 200, 255) నుంచి (0, 0, 0, 0)కి వెళ్తున్నావు కదూ? ట్రాన్స్‌పరెంట్ అని రాసినా అందులో రంగు నలుపే ఉంది. ఆల్ఫా (నాలుగో అంకె, రంగు ఎంత కనపడాలో చెప్పేది) తగ్గుతున్న దారిలో రంగు కూడా నలుపు వైపు జారుతోంది. చివరి స్టాప్ (0, 60, 200, 0) పెట్టు, రంగు కదలకూడదు, ఆల్ఫా ఒక్కటే కదలాలి. రెండు వేర్వేరు రంగులు, రెండు వేర్వేరు ఆల్ఫాలు ఉంటే ముందు రంగుని ఆల్ఫాతో గుణించి, ఆ గుణించినవాటిని కలిపి, చివర్లో ఆల్ఫాతో భాగించాలి.

అక్షరాలకి: పిల్లోలో ఆకారాన్ని గ్రేడియంట్‌తో నేరుగా నింపే ఫంక్షన్ లేదు, మాస్క్ (ఎక్కడ రంగు పడాలో చెప్పే బొమ్మ) ద్వారా చేయాలి. ఎల్ మోడ్‌లో (నలుపు, తెలుపు, బూడిద మాత్రమే ఉండేది) ఒక నల్ల బొమ్మ తీసుకుని దాని మీద అక్షరాలు తెల్లగా రాయి. గ్రేడియంట్ బొమ్మని ఆ మాస్క్‌తో పేస్ట్ చెయ్. పోస్టర్ మొత్తానికి కాకుండా అక్షరాల పెట్టెకి మాత్రమే టీ లెక్కవేయి, టెక్స్ట్‌బీబాక్స్ ఆ పెట్టె కొలతలు ఇస్తుంది. లేకపోతే 1920 ఎత్తు గ్రేడియంట్‌లో అక్షరాలకి ఒక చిన్న ముక్కే దక్కి, బంగారం అంతా ఒకే రంగులా కనపడుతుంది. పూలు, నక్షత్రాల్లాంటి ఆకారాలైతే మాస్క్‌ని నాలుగు రెట్ల సైజులో గీసి లాంక్జోస్ ఫిల్టర్‌తో చిన్నది చెయ్, పిల్లో పాలిగాన్ అంచులు రంపం పళ్ళలా ఉంటాయి.

తెలుగు రాస్తున్నావు కాబట్టి ఇది కూడా చూసుకో: పిల్లోలోని ఫీచర్స్.చెక్ కి రాక్మ్ (అక్షరాల్ని సరిగ్గా కూర్చే లైబ్రరీ) అని ఇస్తే ట్రూ రావాలి. రాక్మ్ లేకపోతే పిల్లో అక్షరాల్ని ఒకదాని పక్కన ఒకటి పేరుస్తుంది, "క్ష" విడిపోయి పడుతుంది, వత్తులు కిందకి దిగవు. ఎంత మంచి బంగారం నింపినా విరిగిన అక్షరం పంపకూడదు.

మంగళగిరి_నేత:

రాక్మ్ ట్రూ వచ్చింది, పొగ పోయింది, అక్షరాలు నిండాయి. బంగారానికి ఐదు స్టాప్‌లు పెట్టా. డిథరింగ్ ఉన్నా ఒక్కో స్టాప్ దగ్గర సన్నటి మెరుపు గీత కనిపిస్తోంది. పిక్సెల్ విలువలు చూస్తే అక్కడ ఏ గీతా లేదు. ఇదేంటి?

రంగుల_డబ్బా:

గీత ఫైల్‌లో లేదు, కంట్లో ఉంది. మాక్ పట్టీలు అంటారు, ఎర్న్‌స్ట్ మాక్ 1865లోనే దీని గురించి రాశాడు. వెలుగు పెరుగుతూ పెరుగుతూ ఒక చోట ఠక్కున వాలు మారితే, కన్ను ఆ మలుపుని గీతగా చూస్తుంది. ఇంటర్ప్ స్టాప్‌ల మధ్య తిన్నటి గీతలు గీస్తుంది కాబట్టి ప్రతి స్టాప్ దగ్గరా ఒక మలుపు ఉంటుంది.

రెండు స్టాప్‌ల మధ్య టీ బదులు 3 టీ వర్గం మైనస్ 2 టీ ఘనం వాడితే మలుపు గుండ్రమవుతుంది, కానీ ప్రతి స్టాప్ దగ్గరా రంగు కాసేపు ఆగినట్టు ఉంటుంది. నాకు నచ్చేది ఇంకోటి: ముందు 1024 రంగుల ఒక వరుస పట్టిక చేసుకోండి, ఫ్లోట్‌లోనే, ఓకేల్యాబ్‌లోనే. ఆ పట్టికని పక్కపక్క 30, 40 విలువల సగటుతో ఒకసారి నున్నగా చేయండి, రెండు చివర్లలో మాత్రం చివరి రంగునే పొడిగించి సగటు తీయండి, లేకపోతే అంచులు నలుపు వైపు పోతాయి. తర్వాత టీతో ఆ పట్టికలోంచి ఇంటర్ప్ చేసి తీసుకోండి, ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, చివర్లో డిథరింగ్.

అక్షరాల బంగారానికి మాత్రం ఒకటి రెండు మలుపులు అలాగే ఉంచి చూడండి. జరీ మీద వెలుగు పడినప్పుడు కనిపించే ఆ పదునైన తళుకు వాటివల్లే వస్తుంది.